పాత బండి బ్రేక్ లైట్ సమస్యలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రేక్ లైట్ గురించి వచ్చే సందేహాలు దాదాపు ఎప్పుడూ ఇవే. బల్బు మార్చినా వెలగడం లేదని, బండి ఆపేసినా ఆరడం లేదని, బ్రేక్ నొక్కితే ఇండికేటర్ కూడా వెలుగుతోందని అడుగుతుంటారు. అందుకే అన్నిటినీ ఒకచోట పెట్టాను. ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఇవన్నీ మామూలు ఫిలమెంట్ బల్బులున్న పాత కార్లకి, మోటారు సైకిళ్లకి, స్కూటర్లకి వర్తిస్తాయి. నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతోందో చూడకుండా ఏ విడిభాగమూ కొనకండి.

## ముందుగా చూసుకోవాల్సినవి

నా బండి బ్రేక్ లైట్ పోయిందని నాకెలా తెలుస్తుంది? నడిపేటప్పుడు కనబడదు కదా!

అసలు చిక్కు అదే. హెడ్‌లైట్ పోతే ఆ రాత్రే తెలుస్తుంది. బ్రేక్ లైట్ పోతే వెనక వచ్చేవాడికి తప్ప ఎవరికీ తెలియదు, అతను చెప్పే అవకాశం ఉండదు. పాత బండ్లలో చాలావాటికి డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం కూడా ఉండదు. అందుకే వారానికోసారి మీరే చూసుకోవాలి. చీకటి పడ్డాక గోడకి వీపు పెట్టినట్టు బండిని వెనక్కి నిలిపి బ్రేక్ నొక్కండి. గోడ మీద ఎరుపు రెండు వైపులా సమానంగా పడుతోందో లేదో అద్దంలో తెలిసిపోతుంది.

నేనొక్కణ్నే ఉన్నాను. పెడల్ నొక్కి పట్టుకుని వెనక పని చేయడం ఎలా?

పెడల్‌కీ సీటు ముందు అంచుకీ మధ్య సరిపడా పొడవున్న కర్రని బిగించండి. మోటారు సైకిలైతే లివర్‌ని హ్యాండిల్ గ్రిప్‌కి రబ్బరు బ్యాండుతో కట్టేయండి. ఫోన్‌ని బండి వెనక నిలబెట్టి వీడియో పెట్టి కూడా చూడవచ్చు. ముందు బండి కదలకుండా చక్రాలకి అడ్డుపెట్టడం మరచిపోవద్దు.

ఒక వైపు వెలుగుతోంది కదా, కొన్నాళ్లు అలాగే నడపొచ్చా?

వద్దు. రాత్రిపూట ఒక్క వైపే వెలిగే కారుని దూరం నుంచి చూసినవాళ్లు మోటారు సైకిల్ అనుకోవచ్చు, ఎంత దూరంలో ఉందో తప్పుగా లెక్కవేయవచ్చు. పైగా ఒక వైపు బల్బు వయసైపోయి పోయిందంటే, అదే రోజు పెట్టిన రెండోది కూడా అదే దారిలో ఉంటుంది. అది కూడా పోతే మీరు ఆగుతున్న సంగతి వెనకవాళ్లకి తెలిసే దారే ఉండదు. ఈ రిపేరు చాలాసార్లు అరగంట పని. దాన్ని వాయిదా వేయడానికి నాకైతే ఏ కారణమూ కనబడదు.

పనికి కూర్చునే ముందు ఏమేం దగ్గర పెట్టుకోవాలి?

టెస్ట్ ల్యాంప్ (కరెంటు ఉంటే వెలిగే పరీక్ష దీపం) లేదా మల్టీమీటర్, సరైన రకం బల్బు ఒకటి, అదే ఆంపియర్ల ఫ్యూజులు రెండు, స్క్రూడ్రైవర్, సన్నని ఎమరీ పేపర్, కాంటాక్ట్ క్లీనర్, రెండు మూడు మీటర్ల వైరు. మల్టీమీటర్ లేదంటే పనికి అడ్డేమీ లేదు. బల్బు హోల్డర్‌కి రెండు వైర్లు తగిలించి చేసుకున్న టెస్ట్ ల్యాంప్‌తోనే ఈ లోపాల్లో చాలావరకు దొరికిపోతాయి.

## లోపం ఎక్కడుందో తేల్చడం

ఏ వైపూ వెలగడం లేదు. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

రెండు బల్బులూ ఒకేసారి పోవడం అరుదు. కాబట్టి రెండిటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని అనుమానించాలి, అంటే ఫ్యూజు, స్విచ్, స్విచ్ నుంచి వెనక్కి వెళ్లే వైరు. ముందు ఫ్యూజు బయటికి తీసి చూడండి. పైకి బాగున్నట్టు కనబడినా దాని కాళ్లకి చిలుము పట్టి ఉంటే కరెంటు దాటదు. కొన్ని బండ్లలో హారన్ కూడా అదే ఫ్యూజు మీద ఉంటుంది, అది కూడా మోగకపోతే దారి దొరికినట్టే.

ఫ్యూజు బాగుంటే బ్రేక్ స్విచ్ కప్లర్ (వైర్లు తగిలించే ప్లాస్టిక్ ప్లగ్గు) ఊడదీసి, అందులోని రెండు వైర్లని చిన్న వైరు ముక్కతో కలపండి. లైట్లు వెలిగితే స్విచ్ పోయింది. వెలగకపోతే టెస్ట్ ల్యాంప్‌తో చూడండి: రెండు వైర్లలో ఒకదానికి ఎప్పుడూ కరెంటు ఉండాలి. ఉంటే లోపం స్విచ్ తర్వాత, లేకపోతే ముందు. స్విచ్‌కి నాలుగు వైర్లుంటే మాత్రం ఏవి పడితే అవి కలపకండి. అందులో రెండు ఇంజిన్ కంప్యూటర్‌కో క్రూజ్ కంట్రోల్‌కో వెళ్తాయి.

చాలా కార్లలో బ్రేక్ లైట్‌కి తాళం తిప్పకపోయినా కరెంటు వస్తుంది. టూవీలర్లలో ఎక్కువగా తాళం ఆన్‌లో ఉంటేనే వస్తుంది. ఆ సంగతి చూసుకోకుండా పరీక్ష మొదలుపెడితే లేని లోపం కనబడుతుంది.

ఒక వైపే వెలగడం లేదు. స్విచ్ మార్చమంటున్నారు, నిజమేనా?

కాదు. రెండో వైపు వెలుగుతోందంటే స్విచ్, ఫ్యూజు రెండూ పని చేస్తున్నట్టే. లోపం ఆ ఒక్క వైపు బల్బులోనో, హోల్డర్‌లోనో, ఎర్త్‌లోనో (కరెంటు బండి ఇనుప ఒంటి గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి), అక్కడికి వెళ్లే చివరి వైరులోనో ఉంది. రెండు వైపుల బల్బులూ అటుదిటు మార్చి చూస్తే నిమిషంలో తేలుతుంది. చీకటి బల్బుతో పాటు రెండో వైపుకి పోతే బల్బుదే తప్పు, చీకటి ఆ వైపే ఉండిపోతే హోల్డర్‌ని చూడాలి.

ఒక మినహాయింపు ఉంది. బ్రేక్‌కీ ఇండికేటర్‌కీ వెనక ఒకే ఎర్ర బల్బు పని చేసే పాత అమెరికన్ తరహా కార్లలో బ్రేక్ కరెంటు స్టీరింగ్ దగ్గరున్న ఇండికేటర్ స్విచ్ గుండా వెళ్తుంది. ఆ స్విచ్ కాంటాక్టులు అరిగితే ఒక వైపు బ్రేక్ లైట్ మాత్రమే పోతుంది.

వెనక అద్దంలోని మూడో లైట్ వెలుగుతోంది, పక్కవి రెండూ వెలగడం లేదు. ఏమిటది?

అమెరికాలో 1986 మోడల్ కార్ల నుంచి ఈ మధ్య లైట్ తప్పనిసరైంది, తర్వాత మిగతా చోట్లా వచ్చింది. చాలా కార్లలో ఇది అదే స్విచ్ నుంచి కరెంటు తీసుకుని, వేరే వైరు మీద నడుస్తుంది. అది వెలుగుతోందంటే ఫ్యూజు, స్విచ్ సాధారణంగా బాగున్నట్టే. పక్క రెండిటికీ ఉమ్మడిగా ఉన్న ఎర్త్ బోల్టునీ, డిక్కీలోని కప్లర్‌నీ చూడండి. మధ్య లైట్ వెలుగుతోందన్న ధీమాతో రెండు పక్క బల్బులూ ఒకదాని తర్వాత ఒకటి పోయినా చాలామంది గమనించరు, కాబట్టి బల్బుల్ని కూడా తీసి చూడాల్సిందే.

టెయిల్ లైట్ వెలుగుతోందిగా, అంటే బల్బు బాగున్నట్టే కదా?

అలా అనుకోలేం. చాలా బండ్లలో ఒకే గాజు బుడ్డిలో రెండు ఫిలమెంట్లుంటాయి: టెయిల్‌కి 5 వాట్లది, బ్రేక్‌కి 21 వాట్లది. ఒకటి తెగినా రెండోది వెలుగుతూనే ఉంటుంది. తెగిన ఫిలమెంట్ వెళ్లి పక్కదానికి అంటుకున్నా వింతలు జరుగుతాయి. బ్రేక్ నొక్కితే డ్యాష్‌బోర్డు దీపాలు వెలగడం అలాంటిదే, ఎందుకంటే బ్రేక్ కరెంటు ఆ అతుకు గుండా టెయిల్ లైట్ల సర్క్యూట్‌లోకి చేరుతుంది.

బ్రేక్ నొక్కితే టెయిల్ లైట్ మసకబారుతోంది, ఇండికేటర్ కూడా వెలుగుతోంది. దెయ్యం పట్టినట్టుంది!

ఇది ఎర్త్ లోపం. పాత బండ్లలో ఎక్కువమందిని తిప్పలు పెట్టేదీ, వరసగా బల్బు, స్విచ్, ఫ్లాషర్ (ఇండికేటర్‌ని మిణుకుమనిపించే భాగం) మార్పించేదీ ఇదే.

బల్బులోంచి వచ్చిన కరెంటు బండి ఇనుప ఒంటి గుండా బ్యాటరీ నెగటివ్‌కి చేరాలి. దీపపు పెట్టె బోల్టు దగ్గర తుప్పు పట్టినా, కొత్తగా వేసిన రంగు అడ్డం వచ్చినా ఆ దారి మూసుకుపోతుంది. కాలవకి అడ్డం పడితే నీళ్లు పక్క మడిలోకి తిరిగినట్టు, కరెంటు అదే పెట్టెలోని ఇండికేటర్ బల్బు ఫిలమెంట్ గుండా దారి వెతుక్కుంటుంది. అందుకే సంబంధం లేని దీపాలు మసగ్గా వెలుగుతాయి, వెలగాల్సింది వెలగదు.

పరీక్ష సులువు. పొడవాటి వైరు ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి తగిలించి, రెండో కొసని బల్బు హోల్డర్ లోహపు భాగానికి ఆనించి బ్రేక్ నొక్కండి. అన్నీ సరిగ్గా వెలిగితే తప్పు ఎర్త్‌దే. ఎర్త్ బోల్టు విప్పి, దాని కింద లోహం మెరిసేదాకా ఎమరీ పేపర్‌తో గీకి, బిగించి, పైన పల్చగా గ్రీజు పూయండి. టూవీలర్‌లో వెనక మడ్‌గార్డ్ ప్లాస్టిక్‌దైతే ఎర్త్‌కి విడిగా వైరు ఉంటుంది, దాని కొస చూడండి.

మీటర్‌లో 12 వోల్టులు చూపిస్తోంది, కానీ బల్బు వెలగదు. మీటర్ అబద్ధం చెప్తోందా?

మీటర్ నిజమే చెప్తోంది, అడిగిన పద్ధతిలో తేడా ఉంది. మీటర్‌కి పనిచేయడానికి కరెంటు దాదాపు అక్కర్లేదు. పది పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా 12 వోల్టులు చూపిస్తుంది. 21 వాట్ల బల్బుకి మాత్రం ఒకటిముప్పావు ఆంపియర్ పైగా కావాలి, ఆ ఒక్క పోగులోంచి అంత రాకపోవచ్చు.

కాబట్టి బల్బు పెట్టి, బ్రేక్ నొక్కి ఉంచి కొలవాలి. మీటర్ ఒక కొస హోల్డర్ లోహానికి, రెండోది బ్యాటరీ నెగటివ్‌కి పెట్టండి. 0.2 వోల్టు కంటే ఎక్కువ కనబడితే ఎర్త్ బాగాలేదు. తర్వాత బ్యాటరీ పాజిటివ్‌కీ, బల్బు అడుగు కాంటాక్టుకి కరెంటు తెచ్చే వైరుకీ మధ్య కొలవండి. అక్కడ అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో కనెక్షన్ వోల్టేజిని తినేస్తోంది. వైరు వెంబడే కప్లర్ తర్వాత కప్లర్ దగ్గర కొలుచుకుంటూ వెళ్తే ఎక్కడ తినేస్తోందో దొరుకుతుంది. బల్బులు మసగ్గా వెలిగే ప్రతి పాత బండికీ నేను మొదట చెప్పే పరీక్ష ఇదే.

ఫ్యూజు మార్చిన ప్రతిసారీ కొట్టేస్తోంది. పెద్ద ఫ్యూజు వేస్తే ఆగుతుందా?

ఆగుతుంది, ఆ తర్వాత వైరు కాలుతుంది. పెద్ద ఫ్యూజు గానీ రాగి తీగ గానీ వేయనే వద్దు. ఎక్కడో కరెంటు వైరు బండి ఒంటికి తగులుతోంది, దాన్ని వెతకాలి.

ఫ్యూజు ఎప్పుడు పోతోందో చూడండి. పెట్టగానే పోతే షార్ట్ (అలా తగిలే చోటు) స్విచ్‌కి ముందు, బ్రేక్ నొక్కినప్పుడే పోతే స్విచ్ తర్వాత. ఇప్పుడు వెనక బ్రేక్ బల్బులన్నీ తీసేసి, ఫ్యూజు చోట 21 వాట్ల బల్బు తగిలించి బ్రేక్ నొక్కి ఉంచండి. షార్ట్ ఉన్నంతసేపూ ఆ బల్బు పూర్తిగా వెలుగుతుంది, ఫ్యూజులు వృథా కావు. వైర్ల కట్టని ముందు నుంచి వెనకదాకా కదుపుతూ రండి. బల్బు ఎక్కడ ఆరితే లోపం అక్కడే. డిక్కీ కీలు, సీటు పట్టాలు, కార్పెట్ కింద బిగించిన స్క్రూలు, టూవీలర్లో సీటు కింద ఫ్రేమ్ మలుపు ముందు చూడాల్సిన చోట్లు. ట్రెయిలర్ సాకెట్ ఉంటే దాన్ని మొదట విప్పండి, అందులో నీరు చేరడం సాధారణం.

## బల్బు, హోల్డర్

కొత్త బల్బు పెట్టాను, అయినా వెలగడం లేదు.

హోల్డర్ లోపల టార్చి వేసి చూడండి. అడుగున స్ప్రింగు మీద నిలబడే కాంటాక్టులు తుప్పుకి బిగుసుకుపోయి ఉంటాయి, లేదా స్ప్రింగు బలం తగ్గి బల్బుని తాకవు. పాత బల్బు అడుగునున్న టంకపు బొడిపెలు చూడండి, నల్లగా కాలి గుంట పడి ఉంటే అక్కడ కాంటాక్ట్ సరిగ్గా ఆనడం లేదని అర్థం. తాళం తీసేసి, కాంటాక్టులని నెమ్మదిగా పైకి లేపి, ఎమరీ పేపర్‌తో మెరిపించి, క్లీనర్ కొట్టండి. స్ప్రింగు విరిగితే హోల్డర్ మార్చడమే మంచిది. కొన్ని కార్లలో వైర్లకి బదులు ప్లాస్టిక్ పలక మీద రాగి పట్టీలుంటాయి, అవి వెంట్రుకంత బీట వారినా కరెంటు ఆగిపోతుంది.

ఏ బల్బు కొనాలి? అన్నీ ఒకేలా కనబడుతున్నాయి.

పాతదాని లోహపు అంచు మీద ఉన్న అక్షరాలు చదవండి. టెయిల్, బ్రేక్ కలిసిన బల్బు సాధారణంగా పి21/5డబ్ల్యూ. దాని అడుగున రెండు కాంటాక్టులుంటాయి, పక్కనున్న రెండు ముళ్లు ఒకే ఎత్తులో ఉండవు, కాబట్టి ఒక్క పద్ధతిలోనే కూర్చుంటుంది. బ్రేక్‌కి విడిగా ఉండేది పి21డబ్ల్యూ, దానికి ఒకటే కాంటాక్ట్. దీన్ని రెండు కాంటాక్టుల హోల్డర్‌లోకి బలవంతంగా తిప్పితే రెండు కాంటాక్టులూ కలిసిపోయి, టెయిల్ స్విచ్ వేయగానే బ్రేక్ లైట్ కూడా వెలుగుతుంది. బాగా పాత బండిలో 6 వోల్టుల కరెంటు ఉందేమో కూడా చూసుకోండి. అందులో 12 వోల్టుల బల్బు మసగ్గా వెలుగుతుంది.

బల్బులు తరచూ మాడిపోతున్నాయి. మంచి కంపెనీది వేసినా అంతే.

ఇంజిన్ కాస్త వేగంగా తిప్పుతూ బ్యాటరీ దగ్గర వోల్టేజి కొలవండి. 12 వోల్టుల బండిలో 13.5 నుంచి 14.5 వరకు మామూలే. 15 దాటుతోందంటే రెగ్యులేటర్ (వోల్టేజిని అదుపులో ఉంచే భాగం) పోయింది, అది బల్బులతో పాటు బ్యాటరీని కూడా తినేస్తుంది. వోల్టేజి సరిగ్గా ఉంటే అదురు కారణం. మోటారు సైకిల్ టెయిల్ ల్యాంప్ కింద ఉండే రబ్బరు వాషర్లు ఎండి రాలిపోతే ఫిలమెంట్ అదురుకి తెగుతుంది. గాజు లోపల తెల్లగా పొడి కనబడితే బుడ్డి పగిలి లోపలికి గాలి చేరింది, లెన్స్ కారి చల్లని నీటి చుక్క పడితే అలా జరుగుతుంది.

ఎల్ఈడీ బల్బు వేసేస్తే ఈ గొడవంతా పోతుందా?

తుప్పు పట్టిన ఎర్త్ పోదు. అది సరిచేశాక వేస్తే మాత్రం లాభముంది. ఫిలమెంట్ వేడెక్కి పూర్తిగా వెలగడానికి సుమారు 0.2 సెకను పడుతుంది, ఎల్ఈడీ వెంటనే వెలుగుతుంది. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో ఆ కాస్త సమయంలోనే బండి అయిదున్నర మీటర్లు వెళ్తుంది. వెనకవాడికి అది విలువైన దూరం.

ఎర్ర లెన్స్‌కి ఎర్ర ఎల్ఈడీనే తీసుకోండి. తెల్లదాని కాంతిలో చాలా భాగం లెన్స్‌లోనే పోతుంది. టెయిల్‌కీ బ్రేక్‌కీ తేడా పగటి వెలుగులో పది అడుగుల దూరం నుంచి స్పష్టంగా తెలియాలి, తెలియకపోతే ఆ బల్బు వాడొద్దు. మీ ప్రాంతపు నిబంధనలు ఇలా మార్చడాన్ని ఒప్పుకుంటాయో లేదో కూడా కనుక్కోండి.

## స్విచ్, పెడల్

బ్రేక్ స్విచ్ ఎక్కడుంటుంది?

కార్లలో ఎక్కువగా పెడల్ కాడకి పైన, డ్యాష్‌బోర్డు కింద. మోటారు సైకిల్‌లో ముందుది లివర్ మొదట్లో, వెనకది కాలి పెడల్‌కి స్ప్రింగుతో తగిలించి ఉంటుంది. కొన్ని పాత కార్లలో మాస్టర్ సిలిండర్‌కో (పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ని నెట్టే భాగం) బ్రేక్ పైపుకో బిగించిన ఆయిల్ ఒత్తిడి స్విచ్ ఉంటుంది.

బ్రేక్ వదిలినా లైట్ ఆరడం లేదు. రాత్రికి బ్యాటరీ దిగిపోయింది.

రెండు 21 వాట్ల బల్బులు కలిసి మూడున్నర ఆంపియర్లు లాగుతూనే ఉంటాయి. 40 ఆంపియర్-అవర్ బ్యాటరీ పన్నెండు గంటల్లోపే ఖాళీ. దానికంటే పెద్ద నష్టం రోడ్డు మీద ఉంది. ఎప్పుడూ వెలిగే బ్రేక్ లైట్ వెలగనిదానితో సమానం, వెనకవాళ్లకి మీరు ఎప్పుడు ఆగుతున్నారో తెలియదు.

ముందు పెడల్ కింద చాప మీద ప్లాస్టిక్ ముక్కలు రాలి ఉన్నాయేమో చూడండి. చాలా కార్లలో పెడల్ వదిలినప్పుడు స్విచ్ పిన్నుని నొక్కి ఉంచేది పెడల్ కాడకున్న చిన్న రబ్బరు లేదా ప్లాస్టిక్ బిళ్ల. ఏళ్లు గడిచాక అది పొడిపొడిగా రాలిపోతుంది. పిన్ను ఆ రంధ్రంలోంచి దూరిపోయి, మీరు బ్రేక్ నొక్కుతూనే ఉన్నట్టు స్విచ్ అనుకుంటుంది. కొత్త బిళ్ల వేస్తే సమస్య తీరిపోతుంది, స్విచ్ జోలికి పోనక్కర్లేదు. బిళ్ల దొరికేదాకా ఆ రంధ్రంలో చదునైన తల ఉన్న బోల్టుని నట్టుతో బిగించి ఇంటికి చేరవచ్చు.

బిళ్ల బాగుంటే పెడల్ పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో కాలి బొటనవేలితో ఎత్తి చూడండి. ఎత్తితే ఆరితే రిటర్న్ స్ప్రింగో, స్విచ్ సర్దుబాటో తేడాగా ఉంది.

పెడల్ బాగా లోపలికి నొక్కితేనే లైట్ వెలుగుతోంది.

పెడల్ కదిలిన మొదట్లోనే వెలగాలి. మర కట్టిన స్విచ్ అయితే నట్టు వదులు చేసి, పెడల్ కాడకి దూరంగా కొంచెం జరిపి మళ్లీ బిగించండి. కాడ వైపు మరీ ముందుకి జరిపితే పెడల్ పూర్తిగా వెనక్కి రాక బ్రేకులు పట్టేసి వేడెక్కుతాయి. తనంతట తానే సర్దుకునే స్విచ్‌లు కొన్ని ఒక్కసారే సర్దుకుంటాయి, తీసి మళ్లీ పెడితే లెక్క తప్పుతుంది. ఆయిల్ ఒత్తిడి స్విచ్‌కి మాత్రం సర్దుబాటు ఉండదు, బలహీనపడితే మార్చాలి. విప్పినప్పుడు గాలి దూరితే బ్రేకులు బ్లీడ్ చేయాలి, అంటే ఆ గాలిని బయటికి తీయాలి.

ముందు బ్రేక్ పట్టుకుంటే వెలుగుతుంది, కాలి బ్రేక్ తొక్కితే వెలగదు.

బల్బు, ఫ్యూజు, ఎర్త్ బాగున్నాయి. వెనక స్విచ్ లాగే స్ప్రింగు ఊడిందేమో, మట్టి పట్టి బిగిసిందేమో చూడండి. స్విచ్ ఒంటి మీదున్న నట్టు తిప్పి పైకి జరిపితే త్వరగా వెలుగుతుంది. తిప్పేటప్పుడు స్విచ్‌ని పట్టుకోండి, అది కూడా తిరిగితే వైరు తెగుతుంది.

ఆటోమేటిక్ కారు పార్క్ గేరులోంచి రావడం లేదు. దీనికీ బ్రేక్ లైట్‌కీ సంబంధముందా?

ఉంది. బ్రేక్ స్విచ్ సంకేతం రాకపోతే గేరు తాళం వదలని కార్లు చాలా ఉన్నాయి. బ్రేక్ లైట్లు కూడా వెలగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత స్విచ్ చూడండి.

## వైర్లు, చివరి పని

డిక్కీ తలుపు తెరిస్తే వెలుగుతుంది, మూస్తే ఆరిపోతుంది.

కీలు దగ్గర వైర్ల కట్ట వేలసార్లు వంగి, పైన తొడుగు బాగానే ఉన్నా లోపల రాగి తెగి ఉంటుంది. రబ్బరు గొట్టం వెనక్కి లాగి ఒక్కో వైరునీ మెల్లగా లాగి చూడండి. సాగినట్టు అనిపించేదే తెగింది.

తెగిన వైరుని మెలితిప్పి టేపు చుడితే చాలదా?

ఇంటికి చేరడానికి చాలు. తర్వాత తేమకి చిలుము పట్టి మళ్లీ అదే చోట పోతుంది, ఈసారి టేపు కింద దాగి ఉంటుంది కాబట్టి దొరకడం కష్టం. క్రింప్ కనెక్టర్‌తో (నొక్కి బిగించే అతుకు) గానీ టంకంతో గానీ కలిపి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి. వంగే చోట టంకం పనికిరాదు, పెళుసై విరుగుతుంది. అక్కడ మెత్తని వైరు ముక్క పొడవుగా వేసి, అతుకులు కీలుకి దూరంగా వచ్చేలా చూడండి.

అంతా అయింది. బండి బయటికి తీసేముందు ఏం చూడాలి?

బ్రేక్‌ని టెయిల్ లైట్ వేసి ఒకసారి, ఆర్పి ఒకసారి, రెండు ఇండికేటర్లూ వేసి ఒక్కోసారి నొక్కి చూడండి. ఎర్త్ లోపం మిగిలి ఉంటే అన్నీ కలిసి వెలిగినప్పుడే బయటపడుతుంది. దీపపు పెట్టె మీద చేత్తో రెండు మూడు దెబ్బలు కొట్టి చూడండి, మిణుకుమంటే లూజ్ కాంటాక్ట్ ఇంకా ఉంది. లెన్స్ పగిలి తెల్లటి కాంతి బయటికి వస్తుంటే లెన్స్ కూడా మార్చండి. చివరగా పెడల్ వదిలేసి, కారు చుట్టూ తిరిగి వచ్చి వెనక లైట్లు ఆరి ఉన్నాయని చూశాకే బయల్దేరండి.